పోరంబోకు అనే తిట్టు గురించి

"పోరంబోకు" అనే మాట మీరు మొదటిసారి ఎక్కడ విన్నారు? మనలో చాలామంది తిట్టుగానే విని ఉంటారు. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి, ఎవరి మాటా విననివాణ్ణి ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అలా తిడతారు. నేను మాత్రం దాన్ని తిట్టుగా కన్నా ముందు మా ఇంటి అడ్రసుగా విన్నాను.

మాది కోనసీమలో ఒక కాలువ గట్టు. ఊరి పేరు చెప్పక్కర్లేదు, డెల్టాలో ఏ కాలువ వెంట బండి మీద వెళ్ళినా మా ఇల్లు లాంటివి వరసగా కనిపిస్తాయి. ముందు రోడ్డు, వెనక కాలువ, మధ్యలో ఇల్లు. మా తాత వేసినప్పుడు తాటాకు పాక. నాన్న రేకులు వేశాడు. ఇప్పుడు ముందు గదికి స్లాబు పడింది. కరెంటు మీటరుంది. ఆధార్, రేషను కార్డు, ఓటు అన్నీ ఆ అడ్రసు మీదే ఉన్నాయి. పట్టా ఒక్కటే లేదు. రెవెన్యూ రికార్డులో మా ఇల్లున్న చోటు పేరు "కాలువ పోరంబోకు".

ఫస్టియర్లో హాస్టల్లో ఒక సీనియర్ "మీ ఇల్లెక్కడరా?" అని అడిగితే "కాలువ గట్టు మీదండి" అన్నాను. "అయితే నువ్వు గవర్నమెంటు ముద్ర పడ్డ పోరంబోకువన్నమాట" అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే జోకు బాగానే పేలింది.

ఆ మాట మీద ఇప్పుడెందుకు వ్యాసం రాస్తున్నానంటే, పోయినేడాది ఒకే వారంలో రెండు జరిగాయి.

మొదటిది మా క్లాసు వాట్సాప్ గ్రూపులో. ఎవడో ఒక నాయకుడి వీడియో పెట్టాడు, ఇంకోడు దానికి ఎదురు వీడియో పెట్టాడు. అర్ధరాత్రి దాటేసరికి పార్టీలు పోయి కులాలు వచ్చాయి, కులాలు పోయి ఇళ్ళల్లో ఆడవాళ్ళు వచ్చారు. నేను ఊరుకున్నానా? లేదు. అంతకు ముందు వారం నాకు ల్యాబ్ రికార్డు రాసిపెట్టిన స్నేహితుణ్ణి ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయలేను. దానికి ముప్పై ఆరు లైకులు వచ్చాయి.

రెండోది రెండ్రోజుల తర్వాత. అమ్మ ఫోన్ చేసింది. గట్టు మీద ఇళ్ళకి నోటీసులు వచ్చాయని, మనింటికొచ్చిన కాగితం మీద తాత పేరుందని చెప్పింది. తాత పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆ కాగితంలో మా ఇంట్లో బతికున్నవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. తాత పేరు, సర్వే నంబరు, "ఆక్రమణదారు" అనే మాట, ఖాళీ చెయ్యాల్సిన గడువు. అంతే.

శనివారం ఇంటికెళ్ళి అమ్మతో పాటు ఆఫీసుకి వెళ్ళాను. అమ్మ ప్రతి మాటకీ "అండి" అంది. ఆయన ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. "ఏమ్మా, నీకు చదువు రాకపోయినా నీ కొడుక్కి వచ్చుగా. గవర్నమెంటు స్థలం. నువ్వు కట్టుకుంటే నీదైపోద్దా?" అన్నాడు. అమ్మ అడిగింది ఒకటే. "మరి మమ్మల్ని ఎక్కడికెళ్ళమంటారండి?" దానికి సమాధానం రాలేదు. ఆయన పక్క ఫైలు తీశాడు.

తిరిగొస్తూ బస్సులో నేను లెక్కేసుకున్నాను. గ్రూపులో నేనన్నది పచ్చి బూతు. ఆఫీసులో ఆయనన్నది బూతు కాదు. కానీ అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. నా స్నేహితుడు మర్నాడే నాతో టీ తాగాడు. ఈ రెంటిలో ఏది ఎక్కువ అమర్యాద?

ఈ ప్రశ్న నాకొక్కడికే వచ్చింది కాదని తర్వాత తెలిసింది. జిజి పాపచరిసి అనే పరిశోధకురాలు ఆన్‌లైన్ రాజకీయ చర్చల మీద 2004లో ఒక వ్యాసం రాసింది. నోటి దురుసు వేరు, ప్రజాస్వామ్యానికి పనికిరాని అమర్యాద వేరు అని అందులో విడదీసి చెబుతుంది. కోపంలో గట్టిగా అరవడం, ఒక మొరటు మాట దొర్లడం దురుసు. ఎదుటివాడికి మాట్లాడే హక్కే లేదన్నట్టు చూడడం, ఒక గుంపు మొత్తానికి ఒకే ముద్ర వేసి పక్కన పెట్టడం అమర్యాద. మొదటిది లేకుండా రెండోది చెయ్యొచ్చు. చక్కని భాషలో, రబ్బరు స్టాంపు వేసి మరీ చెయ్యొచ్చు.

తెలుగులో దీనికి పుస్తకం కూడా అక్కర్లేదు, నువ్వు, మీరు చాలు. మా అమ్మ "వెళ్ళమంటారండి" అంటే ఆయన "నీదైపోద్దా" అన్నాడు. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు. మన గోదావరి జిల్లాల వాళ్ళ అండి, ఆయ్ మీద సినిమాల్లో బోలెడు జోకులున్నాయి. మనం కూడా అదేదో మన సొత్తన్నట్టు గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఆ అండి ఎటు నుంచి ఎటు వెళ్తుందో ఒక్కసారి గమనించండి. గట్టు మీద నుంచి ఆఫీసుకి వెళ్ళినంత తేలిగ్గా ఆఫీసు నుంచి గట్టు మీదకి రాదు.

ఇక పోరంబోకు సంగతి. ఇది తమిళం నుంచి వచ్చిన రెవెన్యూ మాట. పుఱం అంటే బయట. శిస్తు కట్టే భూముల లెక్కకి బయట ఉంచింది పోరంబోకు. చెరువులు, కాలువలు, దారులు, శ్మశానాలు, పశువుల మేత స్థలాలు అన్నీ అందులోకి వస్తాయి. మన ఊళ్ళల్లో పుంతలు కూడా అంతే. అంటే ఒకరిది కాని భూమి, అందరిదీ అయిన భూమి. ఊరు బతకడానికి అసలైన భూమి అదే. అలాంటి మాట తిట్టెలా అయింది? నాకు తోచింది చెప్తాను. శిస్తు రాని నేల పనికిరానిదని లెక్క రాసేవాడు అనుకున్నాడు. ఆ నేల మీద బతికేవాడూ పనికిరానివాడే అని ఊరు అనుకుంది. నేలకి పెట్టిన పేరు మనిషికి అంటుకుంది.

అదే చట్టానికి ఇంకో ముఖం కూడా ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో తెచ్చిన 1905 నాటి భూ ఆక్రమణల చట్టమే ఇప్పటికీ మన దగ్గర వాడుకలో ఉంది. ఖాళీ చేయించే ముందు నోటీసు ఇవ్వాలని, ఎందుకు ఖాళీ చేయించకూడదో చెప్పుకునే అవకాశం ఇవ్వాలని అందులో ఏడో సెక్షను చెబుతుంది. తెల్లవాడి చట్టం కూడా ముందు అడుగు అంది. చనిపోయిన మనిషి పేరు మీద నోటీసు పంపితే అడిగినట్టా?

అడగడం ఎందుకంత ముఖ్యమో మన సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో చెప్పింది. బొంబాయి పేవ్‌మెంట్ల మీద ఉండేవాళ్ళ కేసు అది. బతుకుతెరువు హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనని అన్న తీర్పుగా దాన్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు. నన్ను ఆపింది అందులో ఇంకో ఆలోచన. ఒక మనిషికి ఏదైనా చేసే ముందు కనీసం అతన్ని అడగాలి, అలా అడగడమే అతన్ని వస్తువుగా కాకుండా మనిషిగా చూడడం అని. అదే తీర్పు పేవ్‌మెంట్ల మీద శాశ్వతంగా ఉండే హక్కుందని మాత్రం అనలేదు, పద్ధతి ప్రకారం తొలగించొచ్చనే అంది. అది కూడా చెప్పాలి.

అదే కోర్టు 2000లో అల్మిత్రా పటేల్ కేసులో, ఢిల్లీ మురికివాడల గురించి మాట్లాడుతూ, ప్రభుత్వ భూమి ఆక్రమించినవాడికి ఉచితంగా వేరే చోటివ్వడం జేబుదొంగకి బహుమతి ఇచ్చినట్టే అంది. బూతు కాదు, చక్కని ఇంగ్లీషు వాక్యం. కానీ లక్షల మందికి ఒకేసారి పేరు పెట్టేసింది. 2024 నవంబరు 13న బుల్డోజర్ల మీద వచ్చిన తీర్పు మళ్ళీ కొంత సరిచేసింది. ఇల్లు కూల్చే ముందు పదిహేను రోజుల నోటీసు ఉండాలని చెప్పింది. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను, నది, నీటి వనరుల దగ్గర అనుమతి లేని కట్టడాలకి ఇది వర్తించదని మినహాయింపు పెట్టింది. ఆ వాక్యం చదివినప్పుడు మా వెనకున్న కాలువే గుర్తొచ్చింది నాకు.

ఇప్పుడు కాసేపు యూరప్ వెళ్దాం. అక్కడ ఈ గొడవ వేరే రూపంలో జరిగింది. వాళ్ళు ఆక్రమించింది కాలువ గట్టు కాదు, నగరం మధ్యలో యజమానులు ఖాళీగా ఉంచేసిన భవనాలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇళ్ళ కొరత ఉండగానే భవనాలు తాళాలేసి ఉండేవి. ఖాళీ ఇంట్లో ఎవరైనా చేరి నివాసం ఉంటే, వాళ్ళకీ ఇంటికుండే రక్షణ ఉంటుందని 1971లో నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు అంది. అందుకని కుర్రాళ్ళు లోపలికి వెళ్ళేటప్పుడు మంచం, బల్ల, కుర్చీ తీసుకెళ్ళేవారు. ఆ మూడూ ఉంటే నివాసం ఉన్నట్టు. 1980 మార్చిలో ఫోండెల్‌స్ట్రాట్ అనే వీధిలో అడ్డుగోడలు తియ్యడానికి ప్రభుత్వం ట్యాంకులు దించింది. అదే ఏడాది ఏప్రిల్ 30న బియాట్రిక్స్ రాణి అయిన రోజున "ఇల్లు లేకపోతే పట్టాభిషేకం లేదు" అనే నినాదంతో పెద్ద అల్లర్లు జరిగాయి. రాళ్ళు పడ్డాయి, లాఠీలు లేచాయి, ఎవరూ ఎవరినీ గారూ అనలేదు. కానీ దేశమంతా ఇళ్ళ గురించే మాట్లాడింది. అలా ఆక్రమించిన భవనాల్లో కొన్నింటిని తర్వాత నగరపాలక సంస్థే కొని ఇళ్ళుగా మార్చింది. చివరికి 2010 అక్టోబరు 1 నుంచి ఆక్రమణ అక్కడ నేరమైంది. గెలుపు, ఓటమి రెండూ ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది మాత్రం జూరిక్ కథ. అక్కడ 1980లో నగర పెద్దలు ఒపెరా హౌసుకి కోట్ల ఫ్రాంకులు ఖర్చుపెడుతూ, కుర్రాళ్ళు అడిగిన యువ కేంద్రానికి మాత్రం ముఖం తిప్పుకోవడంతో గొడవలు మొదలయ్యాయి. జులైలో టీవీ వాళ్ళు చర్చకి ఉద్యమం తరఫున ఇద్దర్ని పిలిచారు. అందరూ చింపిరి జుట్టు, అరుపులు వస్తాయనుకున్నారు. వాళ్ళు పెద్దింటి దంపతుల్లా నీటుగా తయారై, మిస్టర్ అండ్ మిసెస్ ముల్లర్ అని చెప్పుకుని, ఎంతో మర్యాదగా కూర్చుని "ఈ కుర్రాళ్ళని పోలీసులు ఇంకా గట్టిగా అణచాలండి" అని వాదించారు. ఎదుటి పెద్దలు మనసులో అనుకునే మాటలే మర్యాద భాషలో బయటకొచ్చేసరికి వాళ్ళకి ఏం చెయ్యాలో తెలియలేదు. దేశమంతా పెద్ద రచ్చయింది. ఒక్క బూతూ లేదు.

ఇది చదువుతుంటే నాకు మా వీధి అరుగే కనిపించింది. దీన్ని మనం వెటకారం అంటాం. మన రెండు జిల్లాలూ దానికి పెట్టింది పేరు. పెద్దమనిషిని నేరుగా అనలేనివాడు "ఆయ్, తవరు చెప్తే తిరుగేముందండి" అని, అనాల్సిందంతా అనేస్తాడు. వెటకారానికి ఎదుటివాడు వినేవాడై ఉండాలి, అర్థం చేసుకునేవాడై ఉండాలి. బూతుకి అదేం అక్కర్లేదు. బూతు ఎదుటివాడి కోసం కూడా కాదు, పక్కన చప్పట్లు కొట్టేవాళ్ళ కోసం. నాకొచ్చిన ముప్పై ఆరు లైకుల్లో నా స్నేహితుడిది లేదు కదా.

మన రాష్ట్ర రాజకీయాల్లో చప్పట్ల కోసం వాడే భాష ఎంత దూరం వెళ్ళిందో అందరం చూశాం. 2021 అక్టోబరులో తెలుగుదేశం అధికార ప్రతినిధి ఒకరు అప్పటి ముఖ్యమంత్రిని ఉద్దేశించి ఒక మాట వాడారు. అదే నెల 19న మంగళగిరిలో ఆ పార్టీ కేంద్ర కార్యాలయం మీద దాడి జరిగింది. సరిగ్గా నెలకి, నవంబరు 19న, సభలో తన భార్య గురించి మాట్లాడారంటూ ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు బయటికొచ్చి ప్రెస్ మీట్‌లో కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఎవరు మొదలుపెట్టారని లెక్క తియ్యడం నా పని కాదు, అది మన గ్రూపులో రోజూ జరిగే పనే. నేను చెప్పేది ఇంకోటి.

ఆ నవంబరు 19 తెల్లవారుజామునే కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఊళ్ళు కొట్టుకుపోయాయి, పదుల మంది చనిపోయారు. ఆ రోజు గురించి మన క్లాసులో ఎవర్నడిగినా మొదట గుర్తొచ్చేది అసెంబ్లీ. మనం సివిల్ బ్రాంచి వాళ్ళం. ఒక డ్యాం ఎందుకు తెగిందన్నది మనం చర్చించాల్సిన విషయం. మనం చర్చించింది ఎవరు ఎవర్ని ఏమన్నారని. నా దృష్టిలో రాజకీయ బూతు చేసే అసలు నష్టం ఇది. అది నాయకుల పరువు తియ్యడం చిన్న విషయం, వాళ్ళు చూసుకుంటారు. నీళ్ళలో కొట్టుకుపోయినవాడి వంతు సమయాన్ని అది తినేస్తుంది.

ఇంకో తేడా కూడా ఉంది. శాసనసభలో అన్న మాటకి సభ్యుడి మీద కోర్టులో కేసు నడవదు, రాజ్యాంగం 194వ అధికరణం ఆ రక్షణ ఇచ్చింది. ప్రజల తరఫున భయం లేకుండా మాట్లాడమని ఇచ్చిన రక్షణ అది. గట్టు మీద జేసీబీకి అడ్డంగా నిలబడి అరిచిన ఆడమనిషి మీద మాత్రం విధులకి ఆటంకం కలిగించిందని కేసు పెట్టొచ్చు. అరుపు ఇద్దరిదీ. ఒకరిది హక్కు, ఒకరిది నేరం. అందుకే ఎవరైనా "భాష మర్యాదగా ఉండాలి" అన్నప్పుడు, ఎవరి భాష అని అడగడం అలవాటు చేసుకున్నాను.

పేర్లలో కూడా ఇదే తేడా. మన పక్కనే కొల్లేరుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన సరస్సులో వేల ఎకరాల్లో చేపల చెరువులు తవ్వేశారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు లోపలి గట్లు చాలా వరకూ పగలగొట్టారు. రెండేళ్ళకే ఆ హద్దుని మూడో కాంటూరుకి తగ్గించమని శాసనసభ తీర్మానం చేసింది. అక్కడ ఆక్రమణలో ఊళ్ళ పేదలూ ఉన్నారు, బయటి నుంచొచ్చిన పెట్టుబడీ ఉంది. కానీ పెద్ద చెరువు తవ్వినవాణ్ణి ఎవరైనా పోరంబోకు అన్నారా? ఆయన రైతుగారు. వందెకరాలైతే రైతుగారు, రెండు సెంట్లయితే పోరంబోకు.

ఇంతా చెప్పి, గట్టు మీద ఇళ్ళు ఉండనివ్వాల్సిందే అంటానా? అనను. నేను చదివేది సివిల్. గట్టు మీద ఇళ్ళుంటే పూడిక తీసే మిషనుకి దారుండదు. గట్టు బలహీనపడుతుంది. మా ఇళ్ళ మురుగు అదే కాలువలో కలుస్తుంది, కింద ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే వాడతారు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో డ్రెయిన్లు పూడిపోయి చేలు మునగడం కూడా ఉంది. కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట 1852 నాటికి పూర్తి చేయించాడని ఫోటోకి దండలేసే మనం, ఆ కాలువల్ని ఇలా వదిలెయ్యకూడదు. చివరి ఎకరానికి నీళ్ళందాలన్న రైతు మాటలో న్యాయముంది. అమ్మ అడిగిన దాంట్లోనూ న్యాయముంది. ఈ రెండు న్యాయాలూ ఒక చోట కూర్చుని మాట్లాడుకోవాలి. దాన్నే కదా రాజకీయం అనాలి? ఆ కూర్చోబెట్టే పని చెయ్యలేనివాళ్ళు మైకు ముందు బూతులు తిడతారు. ఆ పని తమది కాదనుకున్నవాళ్ళు మర్యాదగా నోటీసు అంటిస్తారు. రెండు చోట్లా ఎదుటిమనిషిని అడిగేది ఎవరూ లేరు.

మా నోటీసు సంగతి ఏమైందని మీరు అడగొచ్చు. గడువు దాటిపోయింది. ఎవరూ రాలేదు, రద్దయిందనీ చెప్పలేదు. వీధిలో అందరూ కలిసి ఒక అర్జీ రాశాం. రాసింది నేనే. మొదట నాలుగు పేజీలు ఆవేశంగా రాశాను. అమ్మ విని "ఇదంతా ఎందుకు, మేం ఎక్కడికెళ్ళాలో చెప్పమని రాయి" అంది. అదే రాశాం. కింద ఇప్పుడు బతికున్నవాళ్ళ పేర్లు రాసి సంతకాలు పెట్టించాం. రసీదు తీసుకున్నాం. జవాబు ఇంకా రాలేదు. వర్షాకాలం కాబట్టి ఇప్పుడు కదపరని కొందరు, పంటకాలువ కట్టేశాక వస్తారని కొందరు అంటున్నారు. స్లాబు మిగతా సగం వెయ్యాలా వద్దా అని నాన్న ఆగిపోయాడు.

గ్రూపులో నేను తిట్టిన స్నేహితుడికి సారీ చెప్పాను. వాడు "లైట్ తీసుకోరా" అన్నాడు. తర్వాత మాటల్లో తెలిసింది, వాళ్ళ నాన్నది కాలువ చివర మూడెకరాలు, రెండేళ్ళుగా దాళ్వాకి నీళ్ళందట్లేదు. అంటే గట్టు ఖాళీ చెయ్యాలని అడగాల్సిన ఇల్లు వాళ్ళది, చెయ్యలేమని చెప్పాల్సిన ఇల్లు మాది. రెండేళ్ళు ఒకే బెంచిలో కూర్చుని, రెండు పార్టీల తరఫున రాత్రుళ్ళు తిట్టుకున్నాం గానీ మా ఇద్దరి మధ్య ఉన్న అసలు తగాదా ఏమిటో ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం. ఏకాభిప్రాయం రాలేదు. మొన్న వాడు మా ఇంటికొచ్చి గట్టు వెడల్పు టేపుతో కొలిచాడు. మిషను వెళ్ళడానికి ఎంత కావాలో, ఎన్ని ఇళ్ళు జరపాల్సి వస్తుందో ఇద్దరం గీస్తున్నాం. వాడి లెక్క ప్రకారం మా ముందు గది పోతుంది. నా లెక్క ప్రకారం మెట్లు మాత్రమే పోతాయి.

ఈ వ్యాసం మీద మీరు విరుచుకుపడొచ్చు, వెటకారం ఆడొచ్చు. నాకు అభ్యంతరం లేదు, మనది ఆ నేలే. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఈసారి ఎవర్నైనా పోరంబోకు అనాలనిపిస్తే, అంతకు ముందు "మీ ఇల్లెక్కడండి?" అని అడిగి చూడండి.